నాలుగు ఆదివారాలు వెళ్ళాం, పలకరించిన మనిషి లేదు. కొత్తవాళ్ళని మీ సంఘాల్లో ఎలా చేర్చుకుంటారు?

కొత్తకాపురం_రాయగడ
మాది కాకినాడ దగ్గర పల్లె. మా ఆయనది రైల్వే ఉద్యోగం. ఒడిశాలోని ఈ రాయగడకి కొత్త రైల్వే డివిజను ఇచ్చాక చాలామంది ఇటు బదిలీ అవుతున్నారు కదా, మేమూ అలాగే విశాఖ నుంచి వచ్చాం. వచ్చి రెండు నెలలు. ఇక్కడ తెలుగులో ఆరాధన జరిగే మందిరం ఉందని తెలిశాక ప్రాణం లేచొచ్చింది. నాలుగు ఆదివారాలు వెళ్ళాం. ఐదో ఆదివారం నాకు కాలు కదల్లేదు. మందిరం పేరు చెప్పను, ఎవరినీ బజారుకీడ్చాలని కాదు.

మొదటి వారం మా నాలుగేళ్ళ పాప భుజం మీద నిద్రపోతోంది. ఆడవాళ్ళ వైపు ఫ్యాను కింద కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చున్నాను. రెండో పాట నడుస్తుండగా ఒకావిడ భుజం తట్టి "ఇది మా వదిన కూర్చునే చోటమ్మా, కొంచెం లేస్తావా" అన్నారు. లేచి వెనక చాపల దగ్గరికి వెళ్ళాను. అక్కడ కొండల్లో ఉండే కోంధు గిరిజనుల పిల్ల ఒక్కర్తే కూర్చుని ఉంది. పదహారో పదిహేడో ఉంటాయి. ఎవరింట్లోనో పనికుంటుందట, ఆ ఇంటివాళ్ళతో వస్తుంది. తెలుగు రాదు. నన్ను చూసి చాప సగం వదిలి పక్కకి జరిగింది. తన చున్నీ తీసి నాలుగు మడతలు పెట్టి పాప తల కింద ఉంచింది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు మమ్మల్ని రమ్మన్నది ఆ పిల్ల ఒక్కర్తే అనిపించింది.

రెండో వారం "కొత్తగా వచ్చినవారు లేచి నిలబడండి" అన్నారు. లేచాం, పేర్లు చెప్పాం, చప్పట్లు కొట్టారు. కూర్చున్నాక మళ్ళీ ఎవరూ మా మొహం చూడలేదు. మూడో వారం ఒక పెద్దాయన మా ఆయన్ని ఆపి "మీ ఇంటిపేరేంటి బాబూ" అన్నారు. చెప్పారు. "కాకినాడ దగ్గరంటే ఏ ఊరు, ఊళ్ళో ఏ పేట" అన్నారు. ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో మనకందరికీ తెలుసు. నాలుగో వారం వాన. అందరూ వసారాలో గుంపులు గుంపులుగా టీ తాగుతున్నారు, మేం ముగ్గురం చెప్పుల దగ్గర నిలబడి వాన తగ్గేదాకా చూసి వచ్చేశాం.

ఇంట్లోనే ఫోనులో వాక్యం వినుకుంటే సరిపోతుందేమోనని మా ఆయన అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

జైపూర్_నర్సు
చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. మానకండి చెల్లీ. ఇంకా ఏమైనా రాసేముందు ఒక్కటి అడుగుతాను, ఆ చున్నీ పిల్ల పేరేమిటి?

కొత్తకాపురం_రాయగడ
అడగలేదక్కా. ఇప్పుడు మీరడిగితే సిగ్గేసింది.

నాగావళి_గట్టు
నేనూ రాయగడే. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ సంఘంలో ఉన్నాను, పెద్దగా కూడా ఉన్నాను. ఏ మందిరమో నేను అడగను. నీ బాధ అబద్ధం అనను తల్లీ. కానీ మా వైపూ ఒకసారి చూడు.

ఇక్కడికి వచ్చే తెలుగువాళ్ళలో సగం మంది బదిలీ మీద వచ్చేవాళ్ళే. రైల్వే, బ్యాంకులు, పేపరు మిల్లు. మనసిచ్చి కలుపుకుంటాం, వాళ్ళ పిల్లలకి మన పిల్లలు అలవాటవుతారు, మూడేళ్ళకి సామాను లారీ ఎక్కుతుంది. మా ఆవిడ ఇలా ఎన్నిసార్లు ఏడ్చిందో. దానికి తోడు ఒకసారి పెద్ద దెబ్బ తిన్నాం. ఒకాయన చక్కగా ప్రార్థన చేసేవాడు, సాక్ష్యం చెప్పేవాడు. పదకొండు ఇళ్ళలో చీటీ డబ్బులు వసూలు చేసి రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేశాడు. అప్పట్నించి కొత్త మొహం అంటే మావాళ్ళు ఒక అడుగు వెనక్కేస్తారు. అది ప్రేమ లేక కాదు, భయం.

గుణుపూర్_పాసింజర్
గట్టు గారూ, చీటీ కట్టించినవాడు పారిపోతే చీటీలు మానాలి గానీ మనుషుల్ని మానితే ఎలా?

జైపూర్_నర్సు
మూడేళ్ళలో వెళ్ళిపోతారని అన్నం పెట్టడం మానేస్తామా అన్నయ్యా? ఆస్పత్రిలో మా వార్డుకి వచ్చేవాళ్ళు మూడు రోజుల్లో వెళ్ళిపోతారు. మూడు రోజులకే కదా అని నేను సెలైను పెట్టకుండా ఉండను. నేనూ ఇరవై రెండేళ్ళ కిందట సాలూరు నుంచి ఈ కోరాపుట్ జిల్లా జైపూర్ వచ్చినదాన్నే. మొదటి ఆదివారం ఒక ఒడియా పెద్దమ్మ నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళి పఖాళొ పెట్టింది. మన చద్దన్నమే, వేయించిన వడియాలు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ. భాష సగం సగం. ఇప్పటికీ ఆవిణ్ణి మావుసీ అంటాను. ఆవిడ ఆ రోజు పిలవకపోతే నేను ఉద్యోగం వదిలి సాలూరు బస్సు ఎక్కేసేదాన్ని.

వంశధార_ఒడ్డు
అందరూ కుర్చీ గురించీ టీ గురించీ మాట్లాడుతున్నారు. ఆ మూడో వారం సంగతిని ఎవరూ ముట్టుకోలేదు. నేను ముట్టుకుంటాను.

"ఏ పేట" అని అడిగిన క్షణంలో మందిరం మందిరం కాకుండా పోయింది. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మురికి బట్టలవాడికి "నా పాదపీఠం దగ్గర కూర్చో" అన్న మాట ఉంది చూడండి. అది లోకస్థుల గురించి రాసింది కాదు, సంఘం గురించే రాసింది. పక్షపాతం పాపమని అక్కడే ఉంది, తొమ్మిదో వచనం. మా తాత క్రీస్తుని నమ్ముకున్నది పరలోకం కోసమే కాదు, పేట అడగని చోటు ఒకటి భూమ్మీద దొరికిందని కూడా. ఆ చోట్లో కూడా అదే అడిగితే ఆయన మనవడిగా నాకు మండుతుంది. పెళ్ళి సంబంధాల దగ్గర అడుగుతారు, సమాధుల తోటలో అడుగుతారు, ఇప్పుడు గుమ్మం దగ్గరే అడుగుతున్నారన్నమాట.

నాగావళి_గట్టు
ఒడ్డు గారూ, ఇంటిపేరు అడగడం మన తెలుగువాళ్ళ అలవాటు. ఎవరి తాలూకో తెలిస్తే చుట్టరికం కలుస్తుందని. అన్నిటికీ అదే అర్థం తీయకండి.

వంశధార_ఒడ్డు
ఇంటిపేరుతో చుట్టరికం కలుస్తుంది, ఒప్పుకుంటాను. పేటతో ఏం కలుస్తుంది?

నాగావళి_గట్టు
...సరే. దానికి నా దగ్గర జవాబు లేదు.

గుణుపూర్_పాసింజర్
రెండో వారం విషయం నేను చెప్తాను. కొత్తవాళ్ళని లేపి నిలబెట్టడం మా దగ్గరా ఉండేది. మా ఆవిడ పెళ్ళయ్యాక మొదటిసారి వచ్చినప్పుడు మైకు నోటి దగ్గర పెట్టేసరికి కంగారులో తన పేరు బదులు వాళ్ళమ్మ పేరు చెప్పేసింది. ఏడాది పాటు సంఘమంతా మా అత్తగారి పేరుతో పిలిచారు. ఇప్పుడు నవ్వుకుంటాం గానీ ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చింది.

లేపి నిలబెడితే సంఘానికి పని అయిపోయినట్టుంటుంది. "స్వాగతం చెప్పాం కదా" అనుకుంటారు. మేం అది ఆపేశాం. ఇప్పుడు బల్లల వరసకి ఒక మనిషిని పెట్టుకున్నాం. తన వరసలో తెలియని మొహం కనిపిస్తే పాట నంబరు తీసి పుస్తకం చేతికివ్వాలి, ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకునే దాకా వాళ్ళతోనే ఉండాలి. అంతే పని. చెప్పుల దగ్గర నిలబడితే ఇంకో లాభం కూడా ఉంది, చెప్పులు మారిపోవు.

ముగ్గురు_పిల్లల_తల్లి
చెప్పులు వేసుకునే దాకా అన్నది బాగుంది. అందరూ లోపలికి రావడం గురించే చెప్తారు. ఒంటరితనం తెలిసేది ఆరాధన అయిపోయాకే.

పర్లాకిమిడి_మాస్టారు
కొంచెం పెద్దది రాస్తున్నాను, ఓపిక పట్టండి.

కొత్తకాపురం అమ్మాయి రాసినదాంట్లో నన్ను ఆపేసింది ఆ కోంధు పిల్ల. తెలుగు రాని పిల్ల తెలుగు ఆరాధనలో రెండు గంటలు చాప మీద కూర్చుంటోంది. ఇది రాయగడలో ఒక్క మందిరం సంగతి కాదు. మా పర్లాకిమిడిలో, గుణుపూర్లో, కోరాపుట్ జిల్లాలో తెలుగు సంఘాలన్నిటి ముందూ ఉన్న ప్రశ్న ఇదే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మా ఊరు ఇటొచ్చింది. గీత మారింది, మనుషులు ఉన్నచోటే ఉన్నారు. బడుల్లో తెలుగు తగ్గుతూ వచ్చింది. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవలేరు. మా సంఘంలో ఒక కుర్రాడు తెలుగు కీర్తనల్ని నోటుపుస్తకంలో ఒడియా అక్షరాలతో రాసుకుని పాడతాడు. "ళ" దగ్గర ఎర్ర సిరాతో గీత పెట్టుకున్నాడు, అక్కడ నాలుక మడవాలని గుర్తు. ఆ పుస్తకం చూసినప్పుడల్లా నాకు సంతోషం, దుఃఖం రెండూ వస్తాయి. మాకు వారానికి తెలుగు వినిపించే పెద్ద చోటు మందిరం ఒక్కటే. అందుకే ఎవరైనా "వచ్చినవాళ్ళకి అర్థం కావట్లేదు, ఒడియాలో పెడదాం" అంటే మా పెద్దల గుండె జారిపోతుంది. అది వాళ్ళ స్వార్థం కాదు. ఉన్న ఒక్క గూడు పోతుందేమోనని.

అయితే అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం తీసి చూడండి. మొదటి సంఘంలో వచ్చిన మొదటి సణుగుడే భాష దగ్గర వచ్చింది. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకి రోజూ పెట్టే భోజనంలో చిన్నచూపు జరుగుతోందని. అపొస్తలులు ఏం చేశారు? "మీరు ఇటీవల వచ్చినవాళ్ళు, సర్దుకోండి" అనలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు ఏ వైపు నుంచి వచ్చిందో గరిటె ఆ వైపు చేతికే ఇచ్చారు. చివరి నీకొలాసు పుట్టుకతో యూదుడు కూడా కాదు, మతంలో కలిసిన అంతియొకయవాడు. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠం చెప్పాను, ఇంతకంటే మంచి పరిపాలన పాఠం నాకు దొరకలేదు.

జైపూర్_నర్సు
మాస్టారూ, ఏడు పేర్లూ గ్రీకువే అన్న సంగతి ఇన్నాళ్ళు చదివినా నాకు తట్టలేదు. ఈ వారం స్త్రీల సమాజంలో ఇదే చెప్తాను.

కానీ ఒక చోట మీతో కలవను. గూడు అన్నారు. గూడు మనకి చలి పెట్టకుండా కట్టుకున్నాం, బాగుంది. ఆ పిల్లకి చలి పెట్టదా? కొండ మీద ఇల్లు వదిలి, భాష రాని ఇంట్లో అంట్లు తోముకుంటూ, ఆదివారం కూడా భాష రాని చోటే కూర్చుంటోంది. మనకి ఒడిశాలో జరిగిందే ఆ పిల్లకి మన మందిరంలో జరుగుతోంది.

పర్లాకిమిడి_మాస్టారు
ఆ చివరి మాట గుచ్చుకుంది తల్లీ. నిజం కాబట్టే గుచ్చుకుంది.

మా ఊళ్ళోనే గిడుగు రామ్మూర్తి పంతులు గారు ఉండేవారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినంగా జరుపుకుంటాం. అదే మనిషి సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, ఆ భాషలోనే పిల్లలకి వాచకాలు రాశారు, వాళ్ళకి బళ్ళు పెట్టారు. తెలుగు మీద ఆయనకున్న ప్రేమకి సవర మీద ప్రేమ అడ్డం రాలేదు. ఆయన క్రైస్తవుడు కాదు. మనం క్రైస్తవులమై ఉండి ఆ మాత్రం చేయలేమా అని నా బాధ.

నాగావళి_గట్టు
చేయాలంటే ఎలాగో చెప్పండి. మా దగ్గర తెలుగు, ఒడియా, కోంధుల కువి మూడు భాషలూ ఉన్నాయి. ప్రసంగం మూడుసార్లు చెప్తే మధ్యాహ్నం మూడవుతుంది. పొయ్యి మీద అన్నం పెట్టొచ్చినవాళ్ళు కూర్చుంటారా?

సిరొంచా_టీచర్
మహారాష్ట్ర నుంచి చెప్తున్నాను. గడ్చిరోలి జిల్లాలో మాది ప్రాణహిత గట్టు, అవతల ఒడ్డు తెలంగాణ. మా ఇళ్ళల్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళది మాడియా. ప్రసంగాన్ని మైకులో అనువాదం చేయించి చూశాం. వాక్యం ముక్కలు ముక్కలైపోయి ఎవరికీ అందలేదు. అది మానేశాం.

ఇప్పుడు చేసేది చాలా చిన్న పని. చాప మీద ఒక మూల రెండు భాషలూ వచ్చిన ఒకామె కూర్చుంటుంది. చుట్టూ నలుగురైదుగురు. ఆమె గొంతు తగ్గించి వాక్యంలో సారం వాళ్ళ భాషలో చెప్తూ ఉంటుంది. మైకు లేదు, అదనంగా నిమిషం పట్టదు. బైబిలు పాఠం మాత్రం రెండు భాషల్లో చదువుతాం. ఇంకొకటి, పరలోక ప్రార్థన ఎవరి భాషలో వాళ్ళు ఒకేసారి పైకి చెప్తాం. మొదటిసారి గందరగోళంగా ఉంటుంది. రెండోసారికి ఒళ్ళు పులకరిస్తుంది.

గుణుపూర్_పాసింజర్
ఆ మూలన కూర్చునే ఆమె మాకూ కావాలి!

సిరొంచా_టీచర్
మీ దగ్గర కూడా ఉండే ఉంటుంది సోదరా, ఎవరింట్లోనో అంట్లు తోముతూ. మాకు అలాగే దొరికింది.

బరంపురం_బజారు
మా దగ్గర రెండు సంగతులు.

2008 ఆగస్టులో కంధమాల్లో క్రైస్తవుల మీద దాడులు జరిగినప్పుడు అడవుల్లో దాక్కుని తప్పించుకున్న కుటుంబాలు కొన్ని బరంపురం వచ్చాయి. మాది తెలుగు సంఘం, వాళ్ళు కుయి, ఒడియా మాట్లాడేవాళ్ళు. అప్పుడు ఎవరూ భాష అడగలేదు. మా అమ్మ బీరువాలో దాచుకున్న కొత్త దుప్పట్లన్నీ తీసి పంచేసింది. వంట మందిరం వెనకే. కష్టం పెద్దదైతే గుమ్మాలు వాటంతట అవే తెరుచుకున్నాయి. అదే సంఘంలో ఈ రోజు మామూలుగా బస్సు దిగి వచ్చిన మనిషిని పలకరించడానికి మొహమాటం. నాకిది ఇప్పటికీ అంతుపట్టదు.

రెండోది. ఏడాదిగా ఒక హిజ్రా మా ఆరాధనకి వస్తోంది. మొదట గుమ్మం బయటే నిలబడేది, కానుక సంచి వచ్చే లోపు వెళ్ళిపోయేది. మా దగ్గర మగవాళ్ళు ఎడమ, ఆడవాళ్ళు కుడి. ఏ వైపు కూర్చోబెట్టాలని పెద్దలు రెండు కమిటీ మీటింగులు పెట్టారు. తేల్చలేదు. మూడో వారం పాస్టరమ్మ గారు పాట మధ్యలో లేచి గుమ్మం దాకా వెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ చెయ్యి ఆరాధన అయ్యేదాకా వదల్లేదు. మీటింగు అక్కడితో అయిపోయింది. అలిగి రెండు కుటుంబాలు వేరే మందిరానికి వెళ్ళాయి, అదీ నిజమే.

కుటుంబ_ప్రార్థన
ఇది కొంచెం ఆలోచించాల్సిన విషయం. ప్రేమ చూపించాలి, కాదనను. కానీ సంఘానికి ఒక క్రమం, ఒక సాక్ష్యం ఉంటాయి కదా. అందరినీ అన్నిటికీ చేర్చుకుంటూ పోతే వాక్యం చెప్పేదెవరికి?

బరంపురం_బజారు
చేర్చుకుంటేనే కదండీ వాక్యం వినేది. గుమ్మం బయట నిలబడ్డ మనిషికి మైకు సరిగా వినపడదు కూడా. మాస్టారు ఆరో అధ్యాయం చెప్పారు. ఆ ఏడుగురిలో ఉన్న ఫిలిప్పే ఎనిమిదో అధ్యాయంలో ఐతియొపీయుడి రథం వెంట పరుగెత్తాడు. ఆయన నపుంసకుడు, పరదేశి. ఫిలిప్పు కమిటీ వేయలేదు, రథం ఎక్కి పక్కన కూర్చున్నాడు. ఆయన చదువుతున్నది యెషయా గ్రంథం. అదే యెషయా 56లో నపుంసకులకి దేవుడు తన ఇంట్లో, తన ప్రాకారాల్లో, కొడుకులూ కూతుళ్ళ కంటే శ్రేష్ఠమైన పేరు ఇస్తానని మాట ఇచ్చాడు. నేను కల్పించి చెప్పడం లేదు, తీసి చదవండి.

కుటుంబ_ప్రార్థన
చదివాను. ఇంకా ఆలోచిస్తున్నాను. కోపంగా రాయలేదు, అలా అనిపిస్తే క్షమించండి.

గూడెం_కాపరి
నేను కొండ ఊళ్ళలో సేవ చేస్తాను. అందరూ ప్రేమతోనే రాస్తున్నారు కాబట్టి ఒక హెచ్చరిక కూడా ప్రేమతోనే.

కొత్తవాళ్ళు వచ్చిన సంతోషంలో ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టకండి. లైవు పెట్టేవాళ్ళు కెమెరాని వెనక వరసల మీదికి తిప్పకండి. ఒడిశాలో 1967 నుంచి మత స్వేచ్ఛ పేరుతో చట్టం ఉంది, బలవంతంగా గానీ ఆశ చూపి గానీ మోసంతో గానీ మతం మార్పిస్తే నేరం. మనం అలాంటిదేమీ చేయకపోయినా, మొదటి రోజే చేతిలో బియ్యం సంచి పెట్టి ఫోటో తీస్తే చూసేవాడు దాన్ని ఏమంటాడో ఆలోచించండి. ఆకలితో ఉన్నవాళ్ళకి అన్నం పెట్టండి, తప్పకుండా పెట్టండి. ఫోటో వద్దు, బదులుగా ఏదీ అడగొద్దు.

ఇంకో సంగతి. దళిత కుటుంబాల నుంచి వచ్చేవాళ్ళు పేరు రాయించుకోవడానికి వెనకాడతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకీ, 1956 నుంచి సిక్కులకీ, 1990 నుంచి బౌద్ధులకీ మాత్రమే. క్రైస్తవుడైతే ఆ హోదా ఉండదు. పిల్లాడి స్కాలర్‌షిప్పు పోతుందేమోనని తల్లి వెనక వరసలో ముసుగు కిందికి లాక్కుని కూర్చుంటుంది. ఆవిణ్ణి రిజిస్టరు తెచ్చి సంతకం పెట్టమంటే మళ్ళీ రాదు. ఎస్టీలకి ఆ అడ్డు లేదు, అయినా ఊళ్ళో భయాలు ఉంటాయి. నేను ఆరు నెలల దాకా ఎవరినీ పూర్తి పేరు కూడా అడగను. "బాగున్నావా అమ్మా" చాలు. రోమా 15లో క్రీస్తు మిమ్మల్ని చేర్చుకున్నట్టే ఒకరినొకరు చేర్చుకోండి అని ఉంది. ఆయన మనల్ని చేర్చుకున్నప్పుడు ఏ కాగితమూ నింపమనలేదు.

వంశధార_ఒడ్డు
కాపరి గారూ, మీ చివరి పేరా ప్రింటు తీసి మా మందిరం తలుపుకి అంటించాలనుంది.

ముగ్గురు_పిల్లల_తల్లి
నాదీ ఒక చిన్న సంగతి. మా రెండోవాడికి మాటలు రావు, ఆరాధనలో ఉన్నట్టుండి అరుస్తాడు. మూడు మందిరాల్లో "బయట కూర్చోబెట్టమ్మా" అన్నారు. నాలుగో దాంట్లో తబలా వాయించే అబ్బాయి వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని వాడి అరచెయ్యి తబలా మీద పెట్టాడు. ఆ గుంయిమనే శబ్దం చేతికి తెలిసేసరికి మావాడు నోరు తెరిచి అలా ఉండిపోయాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం వాడి చోటు అదే. మేం ఆ మందిరం వదిలి ఎక్కడికీ వెళ్ళం.

సిరొంచా_టీచర్
కళ్ళు తడిశాయి తల్లీ.

పర్లాకిమిడి_మాస్టారు
వంశధార గారు సమాధుల తోట మాట అన్నారు, అది వదిలేయకూడదు. మా పక్క ఊళ్ళో ఒక కొత్త కుటుంబం వచ్చిన నాలుగో నెలలోనే ఆ ఇంటాయన పోయాడు. "వాళ్ళు మన సంఘంలో సభ్యులు కారు, చందా లేదు" అని శవం ఇంట్లో ఉండగా మూడు గంటలు వాదించుకున్నారు. చివరికి చోటు ఇచ్చారు, గోడ పక్కన. ఆవిడ ఇప్పటికీ అదే సంఘానికి వస్తుంది. ఎలా రాగలుగుతోందో నాకు తెలియదు. వాళ్ళకంటే ఆవిడకే ప్రేమ ఎక్కువ.

నాగావళి_గట్టు
రెండు రోజులు ఏమీ రాయకుండా చదువుతూ కూర్చున్నాను. నిన్న సంఘ పెద్దల కూటమిలో ఈ మాటలన్నీ మన ఊరి మాటలుగానే చెప్పాను. బైబిలు పాఠం ఒడియాలో కూడా చదవడానికి ముగ్గురు ఒప్పుకున్నారు, ఇద్దరు ఒప్పుకోలేదు. కొత్తవాళ్ళని లేపి నిలబెట్టడం ఆపడానికి అందరూ ఒప్పుకున్నారు. ఏ పేట అని అడగకూడదని నేను అన్నప్పుడు గది చల్లబడిపోయింది. ఎవరూ అవునన్లేదు, కాదన్లేదు. మళ్ళీ అడుగుతాను.

మూడో యోహాను పత్రికలో దియొత్రెఫే అని ఒకడున్నాడు. వచ్చిన సహోదరుల్ని తాను చేర్చుకోడు, చేర్చుకునేవాళ్ళని అడ్డుకుంటాడు. ఇన్నేళ్ళూ ఆ పేరు చదివి దాటేశాను. మొన్న రాత్రి దాటలేకపోయాను.

జైపూర్_నర్సు
అన్నయ్యా, మీరు ఇంత మాట రాశారంటే మీరు అతను కాదు.

కొత్తకాపురం_రాయగడ
ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. అందరికీ ఒక్కొక్కరికీ దండం.

ఈ ఆదివారం వెళ్ళాం. అరగంట ముందే వెళ్ళి చెప్పుల దగ్గర నిలబడ్డాను, పాసింజర్ గారి మాట గుర్తొచ్చి. ఎవరైనా పలకరిస్తారేమోనని కాదు, నేనే పలకరిద్దామని. కొందరు వింతగా చూశారు, ఇద్దరు ముగ్గురు నవ్వారు. కుర్చీ ఆవిడ వచ్చారు, వాళ్ళ వదినని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ. ఆ పెద్దావిడకి మోకాళ్ళు వంగవట, చాప మీద కూర్చోలేరట. ఆ రోజు అదొక్క మాట చెప్పి ఉంటే నాకు నెల రోజుల బాధ ఉండేది కాదు. నేనూ అడగలేదు. రెండో చెయ్యి నేను పట్టుకున్నాను.

చున్నీ పిల్ల పేరు అడిగాను. ఇక్కడ రాయను, కాపరి గారు అన్నట్టు. కొండ మీద ఊరు, బిస్సంకటక్ వైపు. నాకొచ్చిన ఒడియా "బసొ", "ఖాఇలు కి" అంతే. ఆ రెండింటికే నవ్వేసింది. మందిరంలో మాకు దగ్గరైనవాళ్ళు ఇంకా ఎవరూ లేరు కాబట్టి మొదటి భోజనానికి ఆ పిల్లనే పిలిచాను. పనిచేసే ఇంటావిడ ముందు ఒప్పుకోలేదు, "మీకెందుకమ్మా" అన్నారు. పాప వెళ్ళి చెయ్యి పట్టుకుని లాగేసరికి వదిలారు. చోడి అంబలి చేస్తే "మాండియా!" అని రెండు గ్లాసులు తాగింది. మాకూ వాళ్ళకీ పేరే తేడా. వెళ్ళేటప్పుడు గిన్నెలు కడగబోతే చేతిలోంచి లాక్కున్నాను. ఏం చేయాలో తోచక కాసేపు అలా నిలబడిపోయింది.

గుణుపూర్_పాసింజర్
మేం వచ్చే ఆదివారం రాయగడలో చుట్టాలింటికి వస్తున్నాం. మా ఆవిడ మీ పక్కన కూర్చుంటానంటోంది. పేరు మాత్రం సొంతదే చెప్తుందట. మందిరం గుర్తు ఒకటి చెప్పండి.

కొత్తకాపురం_రాయగడ
విడిగా మెసేజీ పెడతాను అన్నయ్యా. తప్పకుండా రండి, భోజనం మా ఇంట్లోనే. పిల్లలెంతమంది?

గుణుపూర్_పాసింజర్
ఇద్దరు. పెద్దాడు అంబలి తాగడు, పెరుగన్నం ఉంటే చాలు.

నాగావళి_గట్టు
ఆదివారం నేనూ చెప్పుల దగ్గరే ఉంటాను తల్లీ. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. మీ ఆయన్ని నేను ఏమీ అడగను, టీ తెస్తాను.